ఆన్‌లైన్ డిజైన్ కోర్సు: కెమెరా కన్నా ముందు వేసుకోవలసిన లెక్క

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: విజయవాడలో ఎనిమిదేళ్లుగా గ్రాఫిక్ డిజైనర్‌గా పనిచేస్తున్నారు, ఉద్యోగం వదలకుండా తెలుగులో ఒక ఆన్‌లైన్ డిజైన్ కోర్సు తయారు చేయాలనుకుంటున్నారు, నలభై గంటల వీడియో పాఠాలకు ప్రణాళిక రాసుకుని, కెమెరా, లైట్లు కూడా కొన్నారు. ఇక ఏ ప్లాట్‌ఫారంలో పెట్టాలి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్పాలి, ఎంత ధర పెట్టాలి అన్నవి తేలాలి. ఈ మూడింటికీ నాకు తెలిసినంతవరకు సమాధానం చెబుతాను గానీ, వాటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి మీ జాబితాలో లేదు. వారానికి ఎంతమంది పనిని మీరు స్వయంగా కూర్చుని దిద్దగలరు? కోర్సు నిడివి, ధర, చివరకు ప్లాట్‌ఫారం కూడా ఆ ఒక్క అంకె నుంచే తేలుతాయి.

నేను డీటీపీ (కంప్యూటరులో పేజీలు కూర్చే పని) రోజుల నుంచి ఈ పనిలో ఉన్నాను. పేజ్‌మేకర్‌లో శుభలేఖలు, కరపత్రాలు చేస్తూ మొదలుపెట్టినవాణ్ని. 2020 లాక్‌డౌన్‌లో ప్రెస్సులు మూతపడి చేతిలో పని లేనప్పుడు మొదటిసారి ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పాను. ఆ బ్యాచ్‌లో 140 మంది చేరారు. చివరి అసైన్‌మెంటు పంపినవారు 11 మంది. పాఠాలు బాగోలేవేమోనని చాలాకాలం అనుకుని, మంచి మైకు కొని, అన్నీ మళ్లీ రికార్డు చేశాను. రెండో బ్యాచ్‌లోనూ ఇంచుమించు అదే జరిగింది. మానేసినవారిలో కొందరికి ఫోన్ చేసి అడిగితే గానీ అసలు సంగతి తెలియలేదు. వాళ్లు పాఠం చూశారు, చూపించినట్టే చేశారు, పంపారు. పంపినదానికి నా నుంచి పది రోజుల తర్వాత ‘గుడ్, కీపిట్ అప్’ అని ఒక ముక్క వచ్చింది. అది చూశాక రెండో అసైన్‌మెంటు చేయాలని ఎవరికి అనిపిస్తుంది?

డిజైన్ చూసి నేర్చుకునే విద్య కాదు, దిద్దించుకుని నేర్చుకునే విద్య. పలక మీద ఓనమాలు దిద్దించినట్టే ఇక్కడా ఒకరు పక్కన కూర్చుని, ఈ గీత ఇక్కడ ఆగాలి, ఈ రంగు అక్కడ వద్దు అని చెప్పాలి. సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో చెప్పే వీడియోలు యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి, అందులో తెలుగువీ తక్కువేమీ కాదు. వాటికి ఇంకో నలభై గంటలు చేర్చి డబ్బు అడగడంలో అర్థం లేదు. డబ్బు ఇచ్చేవారు కొనుక్కునేది మీ ఎనిమిదేళ్ల కన్నును.

ఆ కన్నుకు గంటలు ఉన్నాయి కాబట్టి లెక్క వేసుకోవాలి. ఒక విద్యార్థి పనిని తెరిచి, చూసి, ఏది ఎందుకు మార్చాలో అర్థమయ్యేలా చెప్పడానికి నాకు సగటున 12 నిమిషాలు పడుతుంది. 140 మందికి అది 28 గంటలు, అంటే వారంలో మరో ఉద్యోగం. 30 మందికైతే 6 గంటలు. ఉద్యోగం చేసుకునే మనిషి రెండు రాత్రులు, ఒక ఆదివారం ఉదయం వెచ్చిస్తే సరిపోతుంది. నేను ఇప్పుడు 28 మందికి మించి చేర్చుకోవడం లేదు. మీరు మొదటిసారి కాబట్టి 20 దగ్గర ఆగమని నా సలహా.

ఇక రికార్డింగు సంగతి. నలభై గంటలు వద్దు, పది గంటలు చాలు. పది నిమిషాల పాఠం చక్కగా రావడానికి స్క్రిప్టు, రికార్డింగు, ఎడిటింగు కలిపి నాకు ఇంచుమించు ఒక పూర్తి రోజు పట్టేది. ఆ లెక్కన నలభై గంటలంటే 240 రోజులు. కెమెరా వాపసు ఇవ్వగలిగితే ఇచ్చేసి, కాలరుకు పెట్టుకునే మైకు ఒకటి కొనండి. మీ ముఖం కొద్దిగా మసకగా ఉన్నా ఎవరూ పట్టించుకోరు గానీ, ఫ్యాను హోరులో మాట వినబడకపోతే రెండో నిమిషంలోనే మూసేస్తారు. తెర రికార్డు చేయడానికి ఓబీఎస్ స్టూడియో ఉచితంగా దొరుకుతుంది, దానికన్నా ఖరీదైనది అక్కరలేదు. మరొక్క మాట: మీరు 24 అంగుళాల మానిటరు మీద రికార్డు చేస్తారు, చూసేవారిలో ఎక్కువమంది ఆరంగుళాల ఫోనులో, బస్సులో కూర్చుని చూస్తారు. ఫొటోషాప్ మెనూ అక్షరాలు అక్కడ చీమల బారులా కనిపిస్తాయి. రికార్డు చేసేటప్పుడే తెర స్కేలింగు పెంచి, చేయి పెట్టే ప్రతిచోటా జూమ్ చేసి, పాఠాన్ని ఒకసారి మీ ఫోనులోనే చూసుకున్న తర్వాత అప్‌లోడ్ చేయండి.

దిద్దడం అంటే ఏమిటో ఒక ఉదాహరణ చెప్పకపోతే ఇదంతా ఉపదేశంలా మిగిలిపోతుంది. మూడో వారంలో నేను ఇచ్చే అసైన్‌మెంటు కిరాణా కొట్టు బోర్డు. దాన్ని చక్కని బ్రీఫ్‌లా (పని వివరాల పత్రంలా) రాసి ఇవ్వను, కస్టమరు వాట్సాప్‌లో పంపినట్టే ఇస్తాను: ‘అన్నా మన కొట్టుకి బోర్డు కావాలి 8 బై 4, అమ్మవారి ఫొటో పెద్దగా రావాలి, అన్ని రకముల కిరాణా సరుకులు హోల్‌సేల్ మరియు రిటైల్ ధరలకు లభించును, ప్రొప్రైటర్ పేరు ఎర్రగా ఉండాలి, ఫోన్ నంబర్లు రెండు, ఆన్‌లైన్ పేమెంట్ గుర్తు, రేపు పొద్దున్నకి.’ ఇందులో కొట్టు పేరే లేదన్న సంగతి గమనించి తిరిగి అడిగేవారు బ్యాచ్‌కు ముగ్గురో నలుగురో ఉంటారు. మిగిలినవారు తామే ఏదో ఒక పేరు ఊహించుకుని పెట్టేస్తారు. అక్కడే మొదటి పాఠం అయిపోతుంది.

ఒకసారి ఒక అబ్బాయి పంపిన బోర్డులో అమ్మవారు, కొట్టు పేరు, సరుకుల జాబితా, యజమాని పేరు, నంబర్లు అన్నీ ఒకే బరువుతో ఉన్నాయి. చోటు నిండలేదని పేరును అడ్డంగా సాగదీశాడు. దాంతో నిలువు గీతలు లావెక్కి, అడ్డ గీతలు సన్నగానే ఉండిపోయాయి. దాని చుట్టూ తెలుపు, ఎరుపు, పసుపు మూడు వరుసల అవుట్‌లైన్. ‘రద్దీగా ఉంది’ అని ఊరుకుంటే అతనికి ఏమీ అర్థం కాదు. బోర్డు చిత్రాన్ని తపాలా బిళ్ల అంత చిన్నది చేసి తెర మీద పెట్టి, ఇది రోడ్డుకు అవతలి నుంచి బైకు మీద వెళ్లే మనిషికి కనిపించే సైజు, ఏం చదవగలుగుతున్నావో చెప్పు అన్నాను. సరుకుల్లో ‘పప్పులు’ అన్న మాట ‘వప్పులు’లా కనిపించింది. తెలుగులో పకు, వకు తేడా అంతా తలకట్టుకు, అక్షరం ఒంటికి మధ్య ఉన్న చిన్న ఖాళీలోనే ఉంది. మూడు వరుసల అవుట్‌లైన్ ఆ ఖాళీని మూసేసింది. అవుట్‌లైన్లు తీసేయించి, అక్షరాన్ని సాగదీయకుండా అదే ఫాంటులో లావు రకం ఎంచుకోమని, అమ్మవారిని మూలకు జరిపి పేరుకు సగం బోర్డు ఇవ్వమని చెప్పాను. ఆ 12 నిమిషాల వీడియోను అతని అనుమతితో తర్వాతి బ్యాచ్‌లకు చూపిస్తున్నాను. నేను కష్టపడి రికార్డు చేసిన ఏ పాఠం కన్నా దాన్నే ఎక్కువమంది మళ్లీ మళ్లీ చూస్తున్నారు.

అందరి పనీ విడివిడిగా దిద్దలేని వారాల్లో ప్రత్యక్ష తరగతిలో ఆరుగురివి తీసుకుని అందరి ముందూ దిద్దుతాను. ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది మన మర్యాద. తోటివారి పని మీద అభిప్రాయం చెప్పమంటే ‘బాగుందండీ’, ‘సూపర్ సార్’ తప్ప మాట రాదు. పదిమంది ఎదుట తన పని తెరిచి పెట్టడానికి వెనుకాడి మానేసినవారు, ముఖ్యంగా ఇంట్లో పిల్లలు పడుకున్నాక నేర్చుకుంటున్న గృహిణులు, నాకు తెలిసి కొందరున్నారు. పేర్లు తీసేసి, పనులకు అంకెలు మాత్రమే పెట్టి, ‘బాగుందా లేదా’ అని కాక ‘మీ కన్ను ముందు ఎక్కడ పడింది, తర్వాత ఎక్కడికి వెళ్లింది’ అని మాత్రమే అడగడం మొదలుపెట్టాక నోళ్లు తెరుచుకున్నాయి. రెండో చిక్కు చిన్నదిగా కనిపిస్తుంది గానీ ప్రాణం తీస్తుంది: అందరూ పనిని వాట్సాప్‌లో ఫొటోగా పంపుతారు, అది కుంచించుకుపోయి అంచులు మసకబారి వస్తుంది, మీరు లేని తప్పులు దిద్దుతూ కూర్చుంటారు. డాక్యుమెంటుగా పంపాలని, లేదా గూగుల్ క్లాస్‌రూమ్‌లో మాత్రమే పెట్టాలని మొదటి రోజే నియమం పెట్టండి.

తెలుగులో డిజైన్ నేర్పేటప్పుడు అక్షరాల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లీషు పాఠాలను తెలుగులోకి మార్చి చెప్పే కోర్సులన్నీ బోల్తా పడేది ఇక్కడే. అడోబ్ సాఫ్ట్‌వేర్లు వరుసల మధ్య దూరాన్ని తమంతట తాముగా అక్షరం సైజులో 120 శాతంగా తీసుకుంటాయి. పై వరుసలో ‘రాష్ట్రం’, కింది వరుసలో ‘శ్రీ’ ఉంటే పైనుంచి వచ్చే రెండు వత్తులూ, కిందినుంచి లేచే గుడిదీర్ఘమూ ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. నేను 150 శాతంతో మొదలుపెట్టించి, ఫాంటును బట్టి సవరించుకోమంటాను. ఫొటోషాప్ పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో దక్షిణాసియా భాషల ఎంపిక మార్చకపోతే వత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే ఎంపిక పెట్టుకోవాలి. ఇవి చెప్పకుండా మొదటి పాఠంలోకి దిగితే, ‘సార్, నాకు అక్షరాలు విరిగిపోతున్నాయి’ అనే మెసేజీలకు జవాబివ్వడంతోనే మొదటి వారం గడిచిపోతుంది. నాకు గడిచిపోయింది.

డీటీపీలో వాడే అను తెలుగు ఫాంట్ల సమస్య మీకు నేను చెప్పనక్కరలేదు. ఊళ్లలోని ప్రెస్సులు, ఫ్లెక్సు షాపులు చాలావరకు ఇంకా వాటి మీదే నడుస్తున్నాయి, మీ దగ్గర చేరేవారిలో డీటీపీ నేర్చుకున్నవారి వేళ్లకు ఆ కీబోర్డే అలవాటు. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకేలా అర్థమయ్యే అక్షర సంకేతాలు) కాదు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పేర్చినవి, అందువల్ల ఫాంటు లేని కంప్యూటరులో ఫైలు తెరిస్తే పిచ్చిగీతలు వస్తాయి. కోర్సు మొత్తం యూనికోడ్‌లోనే నడిపి, అను నుంచి మార్చుకోవడానికి, ప్రెస్సుకు పంపేముందు అక్షరాలను కర్వ్స్ (ఫాంటు అక్కరలేని గీతలు) చేయడానికి ఒకే ఒక్క పాఠం కేటాయించండి. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. అను కొనుక్కోవలసిన ఫాంటు. విద్యార్థులకు మీరు పంచిపెట్టడం చట్టవిరుద్ధం. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి, ఎన్టీఆర్ వంటివి సిలికానాంధ్ర సంస్థ ద్వారా స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చాయి. నోటో సాన్స్ తెలుగు, హింద్ గుంటూరు, బాలూ తమ్ముడు కూడా అలాగే దొరుకుతాయి. (తమ్ముడి పేరుతో ఒక ఫాంటు ఉందంటే తరగతిలో ప్రతిసారీ నవ్వులే.) ఈ ఏడెనిమిదింటిని ఒక ఫోల్డరులో పెట్టి మొదటి రోజే అందరికీ ఇస్తే, అందరి తెర మీదా ఒకే అక్షరం కనిపిస్తుంది, దిద్దడం సులువవుతుంది.

సాఫ్ట్‌వేర్ విషయంలో మీ అభిరుచిని పక్కన పెట్టి, చేరేవారి చేతిలో ఏముందో ముందు కనుక్కోండి. ఫొటోషాప్‌కు కనీసం 8 జీబీ ర్యామ్ ఉండాలని అడోబే చెబుతుంది. నా విద్యార్థుల్లో చాలామందివి 4 జీబీ ల్యాప్‌టాప్‌లు, కొందరికి ఫోను తప్ప ఏదీ లేదు, వాళ్లు పిక్సెల్‌ల్యాబ్ అనే ఫోను యాప్‌లోనే పుట్టినరోజు ఫ్లెక్సులు చేసేస్తున్నారు. ఒకమ్మాయి పైన చెప్పిన 8 బై 4 అడుగుల బోర్డును, ప్రింటుకు 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) ఉండాలని ఎక్కడో విని, అసలు సైజులో 300 పెట్టి తెరిచింది. అది 28,800 అడ్డం, 14,400 నిలువు పిక్సెళ్లు, ఒక్క లేయరే గిగాబైటు దాటుతుంది. ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది, అసైన్‌మెంటు రాలేదు, నేనేమో అశ్రద్ధ అనుకున్నాను. దూరం నుంచి చూసే ఫ్లెక్సుకు 72 చాలు, చేతిలో పట్టుకునే శుభలేఖకు 300 కావాలి అన్న తేడాను ఆ తర్వాతే పాఠంలో చేర్చాను. ఉచితమైన ఇంక్‌స్కేప్, బ్రౌజరులోనే నడిచే ఫొటోపియా, ఫోనులో కూడా పనిచేసే కాన్వా, వీటితో సూత్రాలన్నీ నేర్పవచ్చు.

పైగా సాఫ్ట్‌వేర్ మీద కట్టిన కోర్సు త్వరగా పాతబడుతుంది. యాప్‌ల తెరలు డిజైన్ చేసే అడోబ్ ఎక్స్‌డీ నేర్పుతూ పాఠాలు రికార్డు చేసుకున్నవారు 2023లో ఏమయ్యారో గుర్తు చేసుకోండి: దాని పోటీదారు ఫిగ్మాను 2,000 కోట్ల డాలర్లకు కొంటామని 2022 సెప్టెంబరులో ప్రకటించిన అడోబ్, ఎక్స్‌డీని విడిగా అమ్మడం ఆపేసింది, 2023 డిసెంబరులో కొనుగోలు ఒప్పందమూ రద్దయింది. అందుకే నేను ప్రతి విషయాన్నీ రెండు వీడియోలుగా విడదీస్తాను. అమరిక, రంగు, ఖాళీ జాగా వంటి సూత్రాలు కాగితం, పెన్సిల్, దినపత్రిక ప్రకటనల కత్తిరింపులతో ఒక వీడియో. అదే పని సాఫ్ట్‌వేర్‌లో చేసే పద్ధతి ఇంకో చిన్న వీడియో. మెనూ మారినప్పుడు రెండోదాన్ని మాత్రమే మళ్లీ తీస్తే సరిపోతుంది.

పారిభాషిక పదాల గురించి ఎక్కువ ఆలోచించకండి. లేయర్, బ్లీడ్, అలైన్‌మెంట్ వంటివాటిని తెలుగు చేస్తే విద్యార్థికి మెనూలో ఆ పదం దొరకదు. భావాన్ని మాత్రం తెలుగులోనే, వాడుక మాటలతోనే చెప్పాలి.

దొంగతనం గురించి మీరు అడగలేదు గానీ అడుగుతారు. నా మొదటి కోర్సు మొత్తం విడుదలైన మూడు వారాలకే ఒక టెలిగ్రామ్ గ్రూపులో కనిపించింది. ఫిర్యాదు చేస్తే తీసేస్తారు, ఇంకోచోట పెడతారు. వీడియోలు పోతే పోనీయండి. మీరు దిద్దడాన్ని ఎవరూ డౌన్‌లోడ్ చేసుకోలేరు. మీ వైపు నుంచి మాత్రం జాగ్రత్త అవసరం: సినిమా పోస్టర్లను, హీరోల ఫొటోలను పాఠాల్లో ముడిసరుకుగా వాడకండి, సొంతంగా తీసిన ఫొటోలు గానీ అన్‌స్ప్లాష్, పెక్సెల్స్ వంటిచోట లైసెన్సు చూసుకుని తెచ్చినవి గానీ ఇవ్వండి. ఏఐతో చేయించిన పోస్టర్లు అసైన్‌మెంట్లుగా రావడం కూడా పెరిగింది. నాకు వచ్చినవాటిలో చాలావాటిని వత్తులు పట్టించాయి: దూరం నుంచి తెలుగులా ఉండి, దగ్గరకు వెళితే ఏ అక్షరమూ కానివి. నిషేధించడం కన్నా, తుది పనితో పాటు పెన్సిల్‌తో వేసిన మూడు చిత్తు నమూనాల ఫొటో తప్పనిసరి చేయడం నాకు బాగా పనిచేసింది.

ఇప్పుడు మీ మూడు ప్రశ్నల్లో మిగిలినవి. కోర్సులు అమ్మిపెట్టే యుడెమీలో మీ కూపన్‌తో వచ్చినవారి మీద 97 శాతం, యుడెమీ తనంతట తాను తెచ్చినవారి మీద 37 శాతం మీకు వస్తుంది, పైగా డిస్కౌంటుల్లో ధర కొన్ని వందలకు దిగుతుంది. దిద్దుబాటుకు అక్కడ సరైన ఏర్పాటు లేదు కాబట్టి మీకు పనికిరాదు. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్ (లింకు ఉన్నవారికే కనిపించే) వీడియోలు, గూగుల్ క్లాస్‌రూమ్, వారానికొక ప్రత్యక్ష తరగతి, ఫీజు యూపీఐలో: మొదటి రెండు బ్యాచ్‌లకు ఇంతకన్నా అక్కరలేదు.

ధరకు లెక్క ఇలా వేసుకోండి. ఎనిమిది వారాల కోర్సు, 20 మంది. వారానికి దిద్దడానికి 4 గంటలు, ప్రత్యక్ష తరగతికి 2, మెసేజీలకు, సన్నాహానికి 2. మొత్తం 64 గంటలు. అందరిలా 499 రూపాయలు పెడితే వచ్చేది 9,980, అంటే గంటకు 156 రూపాయలు. 3,500 పెడితే గంటకు 1,094 అవుతుంది, మీ ఫ్రీలాన్సు రేటుకు దగ్గరగా వస్తుంది. రెండు వాయిదాల్లో కట్టే వీలు ఇవ్వండి గానీ తగ్గించకండి. సాధారణంగా సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషను, 18 శాతం పన్ను వస్తాయి. మీ ఉద్యోగ ఒప్పందంలో బయటి సంపాదన మీద షరతులేమైనా ఉన్నాయేమో కూడా ఇప్పుడే చదువుకోండి.

అమెరికాలోని మనవాళ్లు కూడా చేరతారు, ముఖ్యంగా ఉద్యోగానికి అనుమతి లేక ఇంట్లో ఉన్న ఆడవాళ్లు. డాలస్‌లో రాత్రి 9 గంటలంటే మనకు చలికాలంలో మర్నాడు ఉదయం 8:30, వేసవిలో 7:30. మార్చిలో, నవంబరులో వాళ్లు గడియారం మార్చుకున్న వారం నేను రెండుసార్లు ఖాళీ తరగతికి పాఠం చెప్పాను. టైమ్‌టేబుల్‌లో రెండు సమయాలూ రాయండి.

ఈ నెలలో కెమెరా ముట్టుకోకండి. తెలిసినవారిలో ఐదుగురిని, వీలైతే డిజైన్ బొత్తిగా రానివారిని పోగుచేసి, నాలుగు వారాలు ఉచితంగా పని ఇచ్చి దిద్దండి. ఒక నోటుపుస్తకంలో ఎవరికి ఏం చెప్పారో రాసుకోండి. ఒకే మాటను మూడో మనిషికి చెబుతున్నట్టు గమనించిన రోజున, దాన్ని రికార్డు చేయండి. మీ మొదటి వీడియో అదే.